అనంతపుర మండలమున అక్షరాభ్యాసము
(వీధిబడి మొదలు నేటి ఒకటవ తరగతి వఱకు)

బిడ్డకు ఐదవయేడు వచ్చినంతనే పలకమీద ఓనమాలు దిద్దించుట తెలుగునాట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. "ఓం నమః శివాయ సిద్ధం నమః" అను మంగళవాక్యములోని మొదటి అక్షరములే ఓ, న, మ అయి, అక్షరమాలకే ఓనమాలను పేరు కలిగినది. పండితుని కుమారుడైనను సేద్యగాని కుమారుడైనను విద్యకు మొదటి గడప ఇదియే. ఆ గడప దాటినవారెందఱు, దాటి నిలిచినవారెందఱు, వెనుకకు మఱలినవారెందఱు అను ప్రశ్నలకు సమాధానము వెదకినచో, వానలేమికి పేరుపడిన ఈ సీమ చరిత్రయంతయు అందు ప్రతిబింబించును.

ఈ సీమ పాఠశాలలను గూర్చి రెండువందల సంవత్సరముల నాటి లెక్క యొకటి నిలిచియున్నది. 1800లో నిజాము ప్రభువు దత్తమండలములను కంపెనీవారికి అప్పగించెను. నాటినుండి 1807 వఱకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగానుండిన సర్ తామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరై, 1822 జూన్ 25వ తేదీన ప్రతి జిల్లాలోని బడుల వివరములు సేకరింపుడని ఉత్తరువు చేసెను. దానికి బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన పంపిన నివేదిక, వచ్చినవాటిలో మిక్కిలి విపులమైనది. క్యాంబెల్ తెలుగు వ్యాకరణము వ్రాసిన భాషావేత్త. నాటికి అనంతపురము, గుత్తి, తాడిపత్రి, ధర్మవరము, పెనుకొండ, హిందూపురము, మడకశిర ప్రాంతములు బళ్ళారి జిల్లాలోనివి. 1882లోగాని అనంతపురము ప్రత్యేక జిల్లా కాలేదు. కావున ఆ నివేదికలో కనబడు బాలురలో ఈ గ్రామసీమల పూర్వులును ఉన్నారు.

అక్షరాభ్యాసము జరిగిన తీరును క్యాంబెల్ కన్నులకు గట్టినట్లు వర్ణించెను. బిడ్డకు ఐదేండ్లు నిండగానే అయ్యవారు తన శిష్యులనందఱను వెంటబెట్టుకొని ఆ యింటికి వచ్చును. విఘ్నేశ్వరుని ప్రతిమచుట్టు అందఱును కూర్చుందురు. అయ్యవారు ధూపము వేసి, నైవేద్యము పెట్టి, బిడ్డచేత గణపతి ప్రార్థన పలికించి, ఆ చిన్న వ్రేలిని తన చేత బట్టుకొని బియ్యములో దేవుని నామములను వ్రాయించును. తల్లిదండ్రులు శక్తికొలది సత్కరించి పంపుదురు. మఱునాటి ఉదయమునుండి బడి ప్రారంభము.

ఆ బడిలో మొదట నేర్పునది చదువు కాదు, వ్రాత. ఐరోపాలో బిడ్డలు ముందుగా అక్షరముల పేర్లను వల్లించి, తరువాత వ్రాయుదురు. ఇచ్చటనో నేలమీద ఇసుక పఱచి వ్రేలితో అక్షరము దిద్దుచు, దానితోడనే దాని ధ్వనిని నేర్తురు. కన్ను, చెవి, చేయి మూడును ఒక్కసారి పనిచేయును. ఇసుకలో చేయి తిరిగిన పిదపనే తాటాకుమీద గంటము పట్టుటకో, కాగితముమీద కలముతో వ్రాయుటకో అధికారము కలుగును.

అయితే ఈ జిల్లాలలో ఎక్కువ వాడుకలోనుండినవి పలకయు కడితమును. క్యాంబెల్ పలకను హలిగె యని వ్రాసెను. కన్నడమున పాతకాలపు పకారము హకారమైనందున తెలుగు పలకయు, కన్నడ హలిగెయు ఒక్క మాటయే. ఇంచుమించు మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల చెక్కను నున్నగా చిత్రికపట్టి, అన్నమును బొగ్గుపొడిని కలిపి పూసినచో పలక సిద్ధము. కడితమన్ననో గుడ్డకు గంజి పట్టించి, పుస్తకమువలె మడతలు పెట్టి, బొగ్గును జిగురును పూసినది. వర్తకుల లెక్కలును, కరణముల లెక్కలును వ్రాయుటకు వాడిన కడితము ఇదియే. రెంటిమీదను బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడుతురు. బలపపురాయి ఈ జిల్లాలోని తాడిపత్రి ప్రాంతమున దొరకును. ఇసుక వంకలో, బొగ్గు పొయ్యిలో, చెక్క వడ్రంగియింట లభించునవి. చదువు పరికరములకు కొనవలసినది దాదాపు ఏమియు లేదు. పేద సీమకు తగిన పద్ధతి యిది.

అక్షరముల పిమ్మట గుణింతములు, ఒత్తులు. ఆ పిమ్మట మనుష్యుల పేర్లు, ఊళ్ళ పేర్లు, జంతువుల పేర్లు. తదుపరి ఎక్కములు, కూడికలు, తీసివేతలు, నాణెముల లెక్కలు, తూనికలు, కొలతలు. బడి పిల్లలను నాలుగు తరగతులుగా విభజింతురు. క్రింది తరగతులవారికి పై తరగతుల పెద్ద బాలురు చెప్పుదురు. పై తరగతులకు అయ్యవారు చెప్పును. చిన్నవానికి చెప్పుటచేత పెద్దవాని చదువు గట్టిపడును. ఒక్క అయ్యవారు బడియంతటిని నడుపుటకు ఇదియే ఉపాయము.

ఈ ఉపాయము సముద్రము దాటిపోయినది. 1789 మొదలు మద్రాసులో సైనికుల అనాథబాలుర ఆశ్రమమును నడపిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు ఒకనాడు నాటుబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుచుండుట చూచి, తన ఆశ్రమమున ఆ పద్ధతిని ప్రవేశపెట్టెను. చిన్నవారికి పెద్ద పిల్లలచేత చెప్పించెను. స్వదేశమునకు మఱలి 1797లో దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. ఇంగ్లండులో వేలకొలది పేద పిల్లలకు ఆ పద్ధతిపై చదువు చెప్పిరి. మద్రాసు పద్ధతి యనియే దానికి పేరు. వీధిబడిలో వ్రాత నేర్పుటయందలి పొదుపును, పెద్దలు చిన్నలకు చెప్పు రీతిని క్యాంబెల్ కూడ మెచ్చుకొని, ఇంగ్లండువారు దీనిని అనుకరించుట తగియున్నదని వ్రాసెను.

గుణములు చెప్పి దోషములు దాచుట చరిత్ర కాదు. ఉదయము ఆఱు గంటలకే బడి. మొదట వచ్చినవాని అరచేత సరస్వతీనామము వ్రాయుదురు. రెండవవాని చేత సున్న. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు. ఆ తరువాతివారికి వరుసగా ఒక్కొక్కటి హెచ్చు. సోమరియైనవానిని చేతులుకట్టి దూలమునకు వ్రేలాడదీయుట, గుంజిళ్ళవలె లేచుచు కూర్చుండుచునుండుమని శాసించుట కూడ ఉండెను. బడిపేరు చెప్పినంతనే అటకెక్కి దాగిన బిడ్డలు ఎందఱో యుందురు.

అంతకంటె లోతైన దోషమును గూడ క్యాంబెల్ గుర్తించెను. బాలురు రామాయణ భారత భాగవతములను కంఠస్థము చేయుదురు. కాని ఆ కావ్యభాష వ్యవహారమునందలి భాష కాదు. అయ్యవారలలో పలువురకే దాని యర్థము తెలియదు. ఇక బాలునకెట్లు తెలియును? పద్యము నోటికి వచ్చును, ఉత్తరము వ్రాయ రాదు. ఇరువదవ శతాబ్దారంభమున గిడుగు వేంకట రామమూర్తి పంతులు పర్లాకిమిడినుండి లేవనెత్తిన ప్రశ్నయు ఇట్టిదియే: బిడ్డ మాటాడు భాష యొకటి, పుస్తకములోని భాష మఱియొకటియైనచో చదువెట్లు వచ్చును? క్యాంబెల్ చూచిన లోపము తీఱుటకు నూఱేండ్లకు మించి పట్టినది. నేడు ఒకటవ తరగతి వాచకము వాడుకభాషలోనున్నది. రామమూర్తి జన్మదినమగు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవముగా జరుగుచున్నది.

ఇక అంకెలు. 1823లో బళ్ళారి జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. విద్యార్థులు 6,641. అనగా బడికి పండ్రెండుగురు. వేయిమంది జనమునకు ఏడుగురు. బడులలో కన్నడపువి 235, తెలుగువి 226, మరాఠీవి 23, సంస్కృతపువి 23, పారసీకపువి 21, అఱవపువి 4, ఇంగ్లీషుది ఒకటి. తెలుగు కన్నడములు ఇంచుమించు సరిసమానముగానుండుట ఈ సరిహద్దుసీమ స్వభావమును తెలుపుచున్నది. హిందూ బాలురలో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులములవారు 1,174. వీధిబడి ఒక్క కులమువారిది మాత్రమేనను మాట ఈ లెక్కయెదుట నిలువదు. కాని బాలికల సంఖ్య చూడుడు: హిందూ బాలికలు అఱువదిమంది మాత్రమే! ముస్లిము విద్యార్థులు 243. ఏ పద్ధతినైనను మెచ్చుకొనునపుడు ఆ పద్ధతి ఎవరిని వెలుపల నిలిపినదో కూడ లెక్కింపవలెను.

ఇంత తక్కువకు కారణమేమి? క్యాంబెల్ దాచక చెప్పెను: దేశము క్రమముగా బీదదగుచున్నది. సీమగుడ్డలు వచ్చి చేనేతవారి బ్రదుకు చెడినది. దేశమునందలి ధనము దేశమున వ్యయము కాకున్నది. పూర్వము బడులున్న పెక్కు గ్రామములలో నేడు బడులే లేవు. పెద్ద బడులున్నచోట సంపన్నుల పిల్లలు కొందఱు మాత్రమే మిగిలిరి. తక్కిన పిల్లలు, ఐదేండ్లుమాత్రము చదివియో, అదియును లేకయో, తల్లిదండ్రుల పేదఱికముచేత పనికి పోవుచున్నారు. ఈ 533 బడులలో ఒక్కదానికైనను నాడు ప్రభుత్వ సహాయము లేదు. తమ ప్రభుత్వపు పాలనయందే చదువు క్షీణించుచున్నదని ఒక కలెక్టరు వ్రాయుట సామాన్యము కాదు.

మన్రో 1826 మార్చి 10వ తేదీన జిల్లాకు రెండు కలెక్టరు బడులు, తాలూకాకొక తహసీల్దారు బడి పెట్టవలెనని నిర్ణయించెను. కాని 1827 జులై 6న పత్తికొండలో విషూచిచేత మరణించెను. ఆ బడులు 1836లో ఎత్తివేయబడినవి. 1876–78 నాటి మహాక్షామము వచ్చినపుడు గంజికేంద్రముల వెంట పోయిన జనము బిడ్డల చదువు తలచునదెక్కడ? ఒకవైపు అచ్చుయంత్రము వచ్చి, పుదూరు సీతారామశాస్త్రి కూర్చిన బాలశిక్ష ఇంటింటి పుస్తకమై, వావిళ్ళవారి ముద్రణలవలన పెద్దబాలశిక్షగా వ్యాపించెను. వేఱొకవైపు వీధిబడులు సన్నగిల్లి బోర్డుబడులు తలయెత్తెను. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యాచట్టము వచ్చినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడినపుడు రాయదుర్గము బళ్ళారినుండి ఈ జిల్లాలో చేరినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1నుండి ఆఱు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలకందఱకు ఉచిత విద్యను హక్కు చేసినది. బిడ్డ మూడవ తరగతి ముగించులోపల అర్థముతో చదువవలెనను లక్ష్యముతో 2021 జులైలో నిపుణ్ భారత్ పథకము వెలసినది.

బోధనయందును మార్పు వచ్చినది. విడి అక్షరములను వల్లింపజేయుటకు బదులు, బిడ్డ ఎఱిగిన పదమునుండి అక్షరమునకు పోవు పదపద్ధతి వచ్చెను. బొమ్మలో పలకను చూచి, "పలక" యను మాట పలికి, అందు ప, ల, క లను గుర్తించుట దీని మార్గము. దీనిచేత చదువునకు మొదటినుండియే అర్థము కలుగును. అయినను తెలుగులిపి స్వభావము వేఱు. ఒక్క కకారమే కా, కి, కీ, కు, కూ యని రూపములు మార్చును. ఒత్తులు చేరినపుడు మఱి కొన్ని రూపములు. పదమును బొమ్మవలె గుర్తుపట్టినంతమాత్రమున ఇవి వశము కావు. చేయి తిరుగవలెను. చేతితో వ్రాసి నేర్చిన అక్షరము బిడ్డకు బాగుగా గుర్తుండునని ఇటీవలి పరిశోధకులును చెప్పుచున్నారు. కావున అర్థమునకు పదపద్ధతి, పట్టునకు ఇసుక. ఇవి రెండును ఒకదానికొకటి శత్రువులు కావు.

2011 జనాభా లెక్కలలో ఈ జిల్లా అక్షరాస్యత నూటికి దాదాపు 64. వేయింటికి ఏడుగురు బడికి పోయిన కాలమునుండి ఇంతదూరము నడచుట స్వల్పము కాదు. అయినను క్యాంబెల్ వ్రాసిన కారణము నేటికిని సమసిపోలేదు. వేరుసెనగ పండని యేట తల్లిదండ్రులు బెంగుళూరు కట్టడపుపనులకు తరలుదురు; ఒకటవ తరగతి బిడ్డయు వెంట పోవును. గుణింతము సగములో నున్నది. మఱల వచ్చునప్పటికి తరగతి ముందునకు సాగినది, బిడ్డ వెనుకనున్నది. పెద్ద తరగతివాడు ఆఱునెలలు మానినను తానే చదువుకొనగలడు. అక్షరము కుదురుకొనని బిడ్డ మానినచో నేర్చినదియు చెఱగిపోవును, తడిగుడ్డతో తుడిచిన కడితమువలె. అందుచేతనే మొదటి రెండేండ్ల చదువు తక్కిన చదువులకంటె విలువైనది. ప్రభుత్వము వలసకాలపు వసతిగృహములను నడపుట మంచిపని. కాని అవ్వతాతలవద్ద విడిచిపోయిన బిడ్డకు సాయంకాలమున పుస్తకమిచ్చి చదివించువారు ఊరనే యుండవలెను.

1948 నాటి మద్రాసు చట్టముచేతను, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టముచేతను గ్రంథాలయములకు చట్టబలము కలిగినది. అయినను గ్రంథాలయమునకు ప్రాణము చట్టము కాదు, చదువరి. నేడు ఓనమాలు దిద్దు బిడ్డయే ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవ సభలో కూర్చుండు చదువరి. రజతోత్సవ సందర్భమున పురాణములకును నవలలకును తోడు, పెద్ద అక్షరముల చిన్న పుస్తకములకొక అలమార, నేలమీదొక చాప, ఇసుక పోసిన పళ్ళెమొకటి, చిన్నవారికి చెప్పుటకు ఐదవ తరగతి బాలురు బాలికలు నలుగురు ఏర్పడినచో, మద్రాసు పద్ధతి తాను పుట్టిన సీమకు మఱల వచ్చినట్లగును. దానికి పెద్ద వ్యయము లేదు. ఇసుక వంకలో నేటికిని ఉన్నది.