నిమ్మకాయకు పెట్టని పరీక్ష

నేను బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగినవాణ్ణి. నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ షెడ్డులో ఫిట్టరుగా చేరారు. విశ్వకర్మ పూజ రోజు క్రేనుకి కూడా కుంకుమ పెట్టేవారు. కానీ గొలుసు ఎంత బరువు మోయగలదో, ఎప్పుడు పరీక్షించారో దాని మీద రాసి ఉండేది. గడువు దాటితే నాన్న దాన్ని ముట్టుకొనేవారు కాదు. "కుంకుమ పెట్టాంగా, ఎత్తేయండి" అని ఎవరూ అనలేదు.

అదే షెడ్డులో పనిచేసిన మా బావ కారు కొన్నాడు. బంపర్‌కి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు. బెల్టు అలారం మోగకుండా ఉత్త క్లిప్పు గుచ్చాడు. "కారు తగలబడితే బెల్టు విప్పుకోలేక చస్తాం" అనేవాడు. దసరా పూట వాదన ఎందుకని ఊరుకున్నాను. ఆ రాత్రే రాయపూర్ రోడ్డులో ఆగి ఉన్న లారీని గుద్దాడు. బతికాడు గానీ కుడికన్ను పోయింది.

"నిమ్మకాయలు కట్టబట్టే ప్రాణం దక్కింది" అంది అక్క. పోయి ఉంటే? "కాయలు ఎండిపోయాయి, మార్చలేదు" అనేవాళ్ళం. ఏం జరిగినా ఓడిపోని నమ్మకం ఇది.

అయితే మా బావ కథ కూడా రుజువు కాదు. అది ఒక్క సంఘటన. మరి బెల్టుని ఎందుకు నమ్మాలి?

1954 డిసెంబరు 10న అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ పాల్ స్టాప్ రాకెట్ బండిలో తనను తానే పట్టీలతో కట్టించుకున్నాడు. గంటకు 1,017 కిలోమీటర్ల వేగం నుంచి సుమారు 1.4 సెకన్లలో బండి ఆగింది. కాసేపు చూపు పోయింది, తర్వాత తిరిగొచ్చింది. సరిగ్గా కట్టి ఉంచితే మనిషి శరీరం ఎంత తట్టుకోగలదో అలా తెలిసింది.

1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ మూడుచోట్ల బిగించే బెల్టు తెచ్చాడు. దాని పేటెంటును కంపెనీ అందరికీ వదిలేసింది. 1967లో ఆయన స్వీడన్‌లోని 28,000 ప్రమాదాల లెక్క ముందుపెట్టాడు. బెల్టు లేనివాళ్ళు అన్ని వేగాల్లోనూ చనిపోయారు. ఉన్నవాళ్ళలో గంటకు 96 కిలోమీటర్ల లోపు ఒక్కరూ పోలేదు. "తగలబడితే" అనే మాటకు ఆ లెక్కే జవాబు.

ఇప్పటి పరీక్షా కఠినమే. పట్టీ దాదాపు 1,500 కిలోల లాగుడుకి తెగకూడదు. బకిల్ 5,000 సార్లు పెట్టి తీసినా పనిచేయాలి. బొమ్మను కూర్చోబెట్టి గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారిగా ఆపుతారు. ఆ వేగంతో గోడను గుద్దడమంటే మూడంతస్తుల మేడ మీంచి పడ్డట్టే, లెక్క వేసి చూడండి.

లోపాలు లేవా? ఉన్నాయి. చాలాకాలం ఆ బొమ్మలు సగటు మగవాడి కొలతలతోనే ఉండేవి. ఆ తప్పును బయటపెట్టింది కూడా లెక్కలూ పరీక్షలే. నిమ్మకాయలో తప్పు కనిపెట్టే దారే లేదు.

మన దేశంలో ముందు సీట్లకు 1994 నుంచి, వెనక సీట్లకు 2002 నుంచి కార్లలో బెల్టు అమర్చాల్సిందే. పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 సవరణ చెబుతోంది. పోలీసు కనబడ్డప్పుడు మాత్రమే లాక్కునేవాళ్ళని రోజూ చూస్తున్నాం.

షెడ్డులో గొలుసుని అడిగిన ప్రశ్న ఇంటి ముందు కారుని అడగడానికి మనకెందుకు మొహమాటం? ఆ దసరా నాడు నేనూ అడగలేదు. హేతువాదినని చెప్పుకుంటూ అడగలేదు. ఇప్పుడు బావ కారెక్కితే ముందు ఆ క్లిప్పు పీకేస్తాను. నిమ్మకాయల జోలికి పోను, అవి ఆయన ఇష్టం.