అమెరికా తరగతి గదుల్లో సైనిక చరిత్ర

అమెరికాలో సైనిక చరిత్ర బోధన అధికారుల శిక్షణలో భాగంగా మొదలైంది. 1802లో హడ్సన్ నది ఒడ్డున వెస్ట్ పాయింట్‌లో స్థాపించిన సైనిక అకాడమీలో గణితం, ఇంజనీరింగులకే పెద్దపీట. 1830ల నుంచి 1871 వరకు అక్కడ పనిచేసిన డెన్నిస్ హార్ట్ మహాన్ కోటల నిర్మాణంతోపాటు యుద్ధకళనూ బోధించారు. ఆయన ఉదాహరణల్లో నెపోలియన్ యుద్ధాలు ప్రముఖం. అంతర్యుద్ధంలో (1861–65) ఇరుపక్షాల సేనానుల్లో చాలామంది ఆయన శిష్యులే.

ఆ యుద్ధంతో అమెరికా అధికారులకు సొంత గడ్డ మీది పాఠం దొరికింది. 1906లో ఈబెన్ స్విఫ్ట్ ఫోర్ట్ లెవెన్‌వర్త్ సైనిక పాఠశాల అధికారులను జార్జియాలోని అంతర్యుద్ధ రణక్షేత్రాలకు తీసుకెళ్లారు. ముందుగా పత్రాలు, పటాలు చదివి, తర్వాత అదే నేల మీద నిలబడి, ఆనాటి సేనానికి ఏం తెలుసు, ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నాడు అని చర్చించడం ఈ పద్ధతి. 'స్టాఫ్ రైడ్' అనే పేరుతో ఇది నేటికీ కొనసాగుతోంది. నౌకాదళంలో డెన్నిస్ మహాన్ కుమారుడు ఆల్‌ఫ్రెడ్ థేయర్ మహాన్ న్యూపోర్ట్ నావికా యుద్ధ కళాశాలలో చేసిన ప్రసంగాలు 1890లో పుస్తకంగా వచ్చి, ప్రపంచమంతటా నౌకాదళ విధానాలను ప్రభావితం చేశాయి.

సాధారణ కళాశాలలకు సైనిక విద్య చట్టాల ద్వారా చేరింది. ప్రభుత్వ భూములతో ఏర్పడే కళాశాలలు సైనిక శిక్షణనూ పాఠ్యక్రమంలో చేర్చాలని 1862 నాటి మోరిల్ చట్టం నిర్దేశించింది. 1916లో రిజర్వు అధికారుల శిక్షణ దళం (ఆర్‌ఓటీసీ) ఏర్పడింది. దాని విద్యార్థుల కోసం సైన్యపు చరిత్ర విభాగం 1969లో 'అమెరికన్ మిలిటరీ హిస్టరీ' పాఠ్యగ్రంథాన్ని వెలువరించింది.

వియత్నాం యుద్ధ కాలం నుంచి చరిత్రకారుల చూపు సేనానుల వ్యూహాలతోపాటు సామాన్య సైనికుల వైపూ మళ్లింది. వారు ఏ వర్గాల నుంచి వచ్చారు, ఎందుకు పోరాడారు, యుద్ధం వారి సమాజాన్ని ఎలా మార్చింది అన్నవి పాఠంలో భాగమయ్యాయి.

ఈ రెండు దృష్టులూ కలిస్తేనే పాఠం సమగ్రమవుతుంది. 1863 జూలైలో నల్లజాతి సైనికులతో కూడిన 54వ మసాచుసెట్స్ దళం దక్షిణ కరోలినాలోని ఫోర్ట్ వాగ్నర్‌పై చేసిన దాడి ఇందుకు చక్కని ఉదాహరణ. ఒకపక్క సముద్రం, మరోపక్క చిత్తడి నేల; మధ్యనున్న సన్నని ఇసుక దారిలో సాగిన దాడి ఎందుకు విఫలమైందో పటం చెబుతుంది. తెల్లజాతి సైనికుడికి నెలకు 13 డాలర్లు చెల్లించిన ప్రభుత్వం, దుస్తుల ఖర్చు మినహాయించి తమకు 7 డాలర్లే ఇస్తామంటే, ఆ దళం ఏడాదికి పైగా జీతమే తీసుకోలేదు. 1864లో కాంగ్రెస్ సమాన వేతనాన్ని ఆమోదించింది. ఆ సైనికులు కోట గోడల ముందు దేనికోసం ప్రాణాలొడ్డారో ఈ జీతాల వివాదం తెలిశాకే విద్యార్థికి బోధపడుతుంది.