మాంటెరే బే అక్వేరియం

అమెరికాలోని కాలిఫోర్నియా తీరాన ఉన్న సముద్రజీవుల ప్రదర్శనశాల. ఒకప్పుడు సార్డీన్ చేపలను డబ్బాల్లో నింపిన హోవ్డెన్ కర్మాగారం స్థలంలో, డేవిడ్, లూసిల్ ప్యాకార్డ్ దంపతుల విరాళంతో నిర్మించారు. 1984 అక్టోబరు 20న ప్రారంభమైంది.

కెల్ప్ అనే భారీ సముద్రపు నాచు ఇక్కడ సుమారు 8.5 మీటర్ల ఎత్తున్న తొట్టిలో సజీవంగా పెరుగుతుంది. పైనుంచి ఎండ పడుతుంది, యంత్రం అలలను పుట్టిస్తుంది. పగలు వడగట్టిన నీరు వస్తుంది. రాత్రి అఖాతపు నీటిని వడగట్టకుండానే వదులుతారు. అందులోని ప్లవకాలే చాలా జీవులకు ఆహారం.

ఈ అక్వేరియం కృషిలో అన్నిటికన్నా గొప్పది సీ ఆటర్లు అనే సముద్ర క్షీరదాల పునరావాసం. తల్లికి దూరమైన పిల్లలను ఇక్కడి పెద్ద ఆడ ఆటర్లు సాకి, వేట నేర్పుతాయి. తర్వాత వాటిని సముద్రంలోకి వదులుతారు. సమీపంలోని ఎల్క్‌హార్న్ స్లూ ఉప్పుటేరులో 2002–2016 మధ్య పెరిగిన ఆటర్ల సంఖ్యలో సగానికి పైగా ఇలా పెరిగినవి, వాటి వారసులే. ఆటర్లు పీతలను తినడంతో అక్కడ సముద్రపు గడ్డి మళ్లీ పుంజుకుంది. అంతరించిపోతున్న జీవిని కాపాడితే దాని ఆవాసమూ కోలుకుంటుందనడానికి ఇంతకంటే బలమైన రుజువు అరుదు.

ఏ చేపలు కొనవచ్చో, వేటిని మానాలో వినియోగదారులకు చెప్పే ‘సీఫుడ్ వాచ్’ అనే అక్వేరియం కార్యక్రమం 1999లో మొదలైంది. బడిపిల్లలకు ఇక్కడి విద్యా కార్యక్రమాలు ఉచితం.