చెడుగుడు బరిలో లెక్క



మన పల్లెలలో చెడుగుడు ఎరుగని పెద్దలుండరు. పులివెందుల ప్రాంతమున కళ్లములలోను, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపున పెన్న ఇసుకలోను వెన్నెల రాత్రులందు మీలో పలువురు ఊపిరి బిగబట్టి కూతకు పోయినవారే. కాని ఎవడెందరిని తాకెనో, ఎవడెన్ని పట్లు పట్టెనో వ్రాసి యుంచినవారు మనలో నెవరైన కలరా? లేరు. నేడా యాటకే ఒక్కొక్క యాటగాని పేరిట ఖాతా తెరచి, ఆ ఖాతాను చూచి వానికి వెల కట్టుచున్నారు. ఈ లెక్క యెట్లు పుట్టినది, దేనిని చెప్పును, దేనిని విడుచును అను విషయమును నేడు ముచ్చటించెదను.

మన పాత యాటకు కాగితముతో పని లేకుండెను. తాకబడినవాడు ‘చచ్చి’ గీత వెలుపల కూర్చుండును. ఎదుటి పక్షమున నొకడు చావగానే వీడు బ్రతికి లోనికి వచ్చును. బరిలో నిలిచిన తలలను చూచినచో ఎవరిది పైచేయియో పసివానికైనను తెలియును. ఆట నియమములు వ్రాసినవారు దీనికి సంజీవని పద్ధతి యని పేరిడిరి. కచుడు శుక్రాచార్యుని యింట నన్ని పాట్లు పడి నేర్చిన విద్య, మన కుఱ్ఱలకు కళ్లములో నుచితముగ లభించెనన్నమాట! గామినీ యను రెండవ పద్ధతిలో చచ్చినవాడు తన పక్షము వారందఱును చచ్చువరకు వెలుపలనే యుండవలెను. అచ్చటను కంటిచూపే చాలును.

మూడవది అమర్ పద్ధతి. ఇందు తాకబడినవాడు బరి విడువడు. చావులేనివానిని లెక్కించుట యెట్లు? ఆట మొదట నెందఱో, తుదినందఱే నిలిచియుందురు. చూచి చెప్పుటకు వీలు లేదు, వ్రాయక తప్పదు. చెడుగుడునకు కరణము అవసరమైనది ఇచ్చటనే యని నా యభిప్రాయము.

మనము చెడుగుడనునది తమిళులకు సడుగుడు, మహారాష్ట్రులకు హుతూతూ, వంగీయులకు హాడుడు. ఇన్ని పేర్ల యాటను ఒక్క నియమావళి క్రిందికి తెచ్చుటకు మహారాష్ట్రులు మిక్కిలి పాటుపడిరి. 1923లో బరోడాలో పెద్ద పోటీ జరిగెను. 1936లో అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వారు బెర్లిను నగరమున ఒలింపిక్ క్రీడల సందర్భమున ఈ యాటను ప్రదర్శించిరి. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య యేర్పడెను. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో కబడ్డీకి స్థానము దొరకగా స్వర్ణపతకము మనదేశమునకే దక్కెను.

నేటి యాటలో సంజీవనియు కలదు, కాగితమును కలదు. చచ్చినవాడు వెలుపలికి పోవును, పాయింటును వ్రాయబడును. పక్షమునకు ఏడుగురు, ఇరువది నిమిషముల భాగములు రెండు, ఒక్కొక్క కూతకు 30 సెకనులు. ఎదుటి పక్షమంతయు చచ్చినచో ‘లోనా’ యని రెండు పాయింట్లు అదనముగ వచ్చును.

2014లో జీతగాండ్రతో ప్రో కబడ్డీ లీగు మొదలైనది. తెలుగు టైటన్స్ అను మన జట్టు మొదటి యేటినుండియు అందున్నది. లెక్క పెరిగిన తీరు చూడదలచినచో 2019 అక్టోబరు 2వ తేదీ యాటను చూడవలెను. పంచకులలో బెంగళూరు జట్టు హర్యానా జట్టును 59–36తో గెలిచినది. ఆ 59లో 39 పాయింట్లు పవన్ సెహ్రావత్ అను నొక్కని కూతలవే. 2017లో పట్నా జట్టు వాడగు ప్రదీప్ నర్వాల్ సాధించిన 34ను అది మించెను. ఆ 34ను కూడ హర్యానా జట్టు మీదివే యగుట ఆ జట్టువారి దురదృష్టము. 59లోనుండి 39 తీయగా మిగిలినవి ఇరువది. లోనాల పాయింట్లు, పట్టినవారి పాయింట్లు, తక్కిన కూతగాండ్రవి అన్నియు ఆ యిరువదిలోనే యిమిడినవి. పెద్ద అంకె ప్రక్కన నిలిచిన ఈ చిన్న అంకెను ఎవరు జ్ఞాపకముంచుకొందురు?

ఆ పవనునే 2023 అక్టోబరు వేలములో తెలుగు టైటన్స్ వారు 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొనిరి, నాయకునిగ జేసిరి. అతడు లోపము చేయలేదు. ఆ యేడు కూత పాయింట్లు రెండువందలు దాటించెను. జట్టు మాత్రము 22 ఆటలలో రెండే గెలిచి, పట్టికలో అందఱికిని క్రింద నిలిచెను. ఒక్కని ఖాతా నిండుగ నుండియు ఇల్లు గడవలేదు.

పట్టు విషయమై నాకొక యభ్యంతరము కలదు. కూతకు వచ్చినవానిని పట్టుట ఒక్కనివలన కాదు. మూలనున్నవాడు చీలమండ నందుకొనును, ప్రక్కవాడు నడుము చుట్టును, మఱి యిద్దఱు బరువై పైబడుదురు. కాగితముపై మాత్రము ఆ పట్టు ఒక్కని పేరనే పడును. పట్టునకు దారి చూపినవానిని గుర్తించుట వ్రాయువాని కంటిమీద నాధారపడి యున్నది.

ఆ కన్నెంత మోసపోవునో నేనెఱుగుదును. ఉపాధ్యాయునిగ నున్నపుడు ఒక సంక్రాంతికి జరిగిన బాలుర పోటీలో లెక్క వ్రాయు పని నాకప్పగించిరి. ధూళిలో నలుగురొక్కసారి పడగా, పైన కనబడినవాని పేరు వ్రాసితిని. బహుమతి వానికే వచ్చెను. ప్రొద్దు వాలినపిమ్మట మోచేయి చెక్కుకొనిపోయిన బక్కపిల్లవాడొకడు నా వద్దకు వచ్చి, “అయ్యవారూ, కాలు పట్టింది నేను కదా?” యనెను. ఆ కాలిని పట్టినవాడు తానే యని బహుమతి పొందిన బాలుడును ఒప్పుకొనెను. కాగితము దిద్దుదమని పోయితిని. అప్పటికే దానిపై పెద్దల సంతకములు పడియుండెను, మార్చుటకు వీలులేదనిరి. తిరిగి వచ్చి యాతనికి చెప్పితిని. “పోనీలెండి, మీకు తెలిసింది కదా” యని, చొక్కా భుజాన వేసికొని వెళ్లిపోయెను.