రాతలెక్కల కథ

అంకెలను వరుసగా వ్రాసి కూడుమన్న బాలుడు కూడును, తీసివేయుమన్న తీసివేయును. ఆ అంకెలనే యొక చిన్న కథలో పొదిగి, అంగడివాడు తిరిగి ఈయవలసిన సొమ్మెంత యని యడిగినచో బలపము పట్టుకొని దిక్కులు చూచును. ప్రాథమిక పాఠశాలలలో ఉపాధ్యాయులకును, ఇండ్లలో తల్లిదండ్రులకును ఇది నిత్యానుభవము. ఈ చిక్కు నేటిది కాదు. రాతలెక్కకు వేయేండ్లకు పైబడిన చరిత్ర కలదు. దానిని పరికించినచో బాలుని కొఱత యెక్కడనున్నదో కూడ తెలియగలదు.

క్రీ. శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడను జైన పండితుడు సంస్కృతమున గణితసార సంగ్రహమును రచించెను. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తెలుగున వెలసిన తొలి శాస్త్రగ్రంథములలో ఇది యొకటి. మల్లన మూలమును మక్కికి మక్కిగా అనువదింపలేదు. కొన్ని లెక్కలను విడిచి, కొన్నింటిని తానుగా చేర్చెను. గణితమును పద్యమున చెప్పుట నేటివారికి వింతగా తోపవచ్చును. కాని తాటియాకులపై వ్రాసిన గ్రంథములు అందఱికిని లభింపని కాలమున పద్యమే పుస్తకము. నోటికి వచ్చిన పద్యము ఎక్కడికైనను వెంట వచ్చును.

ఆ కాలపు లెక్కలెట్టివో తెలియుటకు 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలోని తుమ్మెదల లెక్కను చూడవచ్చును. ఒక గుంపులో అయిదవ వంతు ఒక పూవునకును, మూడవ వంతు మఱియొక పూవునకును పోయినవి. ఆ రెండు భాగముల భేదమునకు మూడు రెట్లు వేఱొక పూవును చేరినవి. ఒక్క తుమ్మెద మాత్రము గాలిలో తిరుగుచున్నది. గుంపులోని తుమ్మెదలెన్ని? మొత్తమును పదునైదు వంతులుగా తలచినచో మొదటివి మూడు వంతులు, రెండవవి అయిదు, మూడవవి ఆఱు, వెరసి పదునాలుగు. మిగిలిన వంతు ఒక్కటే, మిగిలిన తుమ్మెదయు ఒక్కటే. కనుక గుంపు 15. ఇందలి కూడికలు పసిపిల్లలు చేయదగినవే. కష్టమంతయు ఆ యొంటి తుమ్మెద పదునైదవ వంతని గ్రహించుటలోనే యున్నది.

ఇక వీధిబడుల సంగతి. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లా కలెక్టర్లను బడుల వివరములు పంపుమని కోరెను. తెలుగు, కన్నడములు రెండును నడచిన బళ్ళారి జిల్లా నుండి కలెక్టరు కాంబెల్ 1823లో నివేదిక పంపెను. అందు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు లెక్కకు వచ్చిరి. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దిరి. ఎక్కములు, భిన్నములు, నాణెముల పట్టికలు, తూనికల కొలతల పట్టికలు బృందముగా వల్లించిరి. వారి ధారణశక్తి గొప్పది. అయినను అర్థము తెలియకయే పద్యములు వల్లించుచున్నారని కాంబెల్ ఆక్షేపించెను.

ఆ పట్టికలు వ్యర్థములని తలపరాదు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, మణుగునకు 8 వీసెలు. వీసె బెల్లము 10 అణాలైనచో 3 మణుగుల వెల యెంత? ముందు మణుగులను 24 వీసెలు చేయవలెను. పిదప 240 అణాలు. తుదకు 15 రూపాయలు. ఒక చిన్న బేరమునకు మూడు మెట్లు. పదునాఱును సగము చేసిన 8, మరల సగము 4, ఆపై 2, ఆపై 1. కనుకనే అర, పాతిక, పరక, వీసము అను మాటలతో పెద్దలు కాగితము లేకయే లెక్క తేల్చుచుండిరి.

ఈ నేర్పు లేనివానికి నష్టము ప్రత్యక్షము. నూటికి నెలకు రూపాయి వడ్డీపై 50 రూపాయలు తెచ్చుకొన్న రైతు తొమ్మిది నెలలకు తీర్పబోయినచో వడ్డీ 4 రూపాయల 8 అణాలు. ఏబదికి నెలకు అర్ధరూపాయి యని తోచినవానికి ఇది నోటిలెక్క. అది తోచనివాడు షావుకారు చెప్పినదే వేదమని వ్రేలిముద్ర వేయవలసినదే. ఎక్కము వచ్చినంత మాత్రమున వానికి రక్షణ లేదు. పత్రములోని మాట తెలియవలెను.

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చినవి. రూపాయికి నూరు నయాపైసలైనవి. 1958 అక్టోబరు నుండి కిలోగ్రాములు, తరువాత మీటర్లు, లీటర్లు క్రమముగా వాడుకలోనికి వచ్చినవి. అణాలను పైసలుగా, వీసెలను సేర్లుగా మార్చు శ్రమ తొలగెను. అంకెల బరువు తగ్గినది. కాని మాటను గ్రహించు పని తగ్గలేదు.

అందులకు ఫ్రాన్సు దేశములో 1980 ప్రాంతమున గ్రెనోబుల్ నగరపు గణితబోధకులు చేసిన పరీక్షయే సాక్ష్యము. ఓడలో 26 గొఱ్ఱెలు, 10 మేకలు ఉన్నవి. ఓడ నాయకుని వయస్సెంత యని వారు చిన్న తరగతుల పిల్లలను అడిగిరి. ఈ ప్రశ్నకు సమాధానము లేదు. అయినను 97 మందిలో 76 మంది ఇచ్చిన అంకెలతోనే ఏదియో లెక్క చేసి సమాధానము వ్రాసిరి. వారు మందమతులు కారు. బడిలో అడిగిన ప్రతి ప్రశ్నకును సమాధానముండునని, కనబడిన అంకెలను కలుపుటయే లెక్కయని వారికి అలవాటైనది.

హంగేరీలో జన్మించిన గణితజ్ఞుడు జార్జి పోల్యా 1945లో ప్రకటించిన గ్రంథమున లెక్కకు నాలుగు మెట్లు చెప్పెను: సమస్యను గ్రహించుట, ఉపాయము యోచించుట, దానిని నడుపుట, వచ్చిన ఫలమును వెనుదిరిగి చూచుట. మన బడులలో మూడవ మెట్టునకే కాలమంతయు చెల్లుచున్నది. లెక్కను రెండుమార్లు చదివించి, "నీకు తెలిసినదేమి? తెలియవలసినదేమి?" అని అడిగి, దానిని బాలుని సొంతమాటలలో చెప్పించినచో సగము చిక్కు విడిపోవును. వచ్చిన సమాధానము లోకమునకు సరిపోవునా యని చూచుకొన్నచో మిగిలినదియు విడిపోవును.

1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన పిమ్మట మన గ్రంథాలయోద్యమము పుస్తకములు పంచుటతో తృప్తిపడక రాత్రిబడులను కూడ నడపెను. అక్షరము వచ్చినవాడు పత్రము చదువగలడు. చదివినది తెలిసినవాడు దానిలోని లెక్క తేల్చగలడు. పఠనము, గణితము వేఱువేఱు విద్యలు కావు. గ్రామ గ్రంథాలయమున కూర్చుండి యొక కథను అర్థము చేసికొని చదువు బాలుడు, తనకు తెలియకయే రేపటి రాతలెక్కకు సిద్ధమగుచున్నాడు.