పెళ్లితో పోయిన పౌరసత్వం

మన గూడూరు వైపు నిమ్మతోట ఎన్నెకరాలని అడిగే పెళ్లిచూపుల్లో ఇప్పుడు గ్రీన్‌కార్డు ఉందా అని అడుగుతున్నారు. చదువుకోవడానికి అమెరికా వెళ్లిన మన అబ్బాయి అక్కడి పౌరురాలిని చేసుకుంటే, ఆ అమ్మాయి దరఖాస్తు మీద అతనికి గ్రీన్‌కార్డుకు దారి ఏర్పడుతుంది. పెళ్లయి రెండేళ్లు నిండకపోతే మొదట రెండేళ్ల షరతు కార్డే ఇస్తారు. కాగితం కోసం కాదు, కాపురం కోసమే చేసుకున్నామని రుజువు చూపాలి మరి.

ఒకప్పుడు అంతా తలకిందులు. 1907 చట్టం ప్రకారం విదేశీయుణ్ణి చేసుకున్న అమెరికా స్త్రీ తన పౌరసత్వమే పోగొట్టుకునేది. అదే మగవాడు పరాయి దేశపు పిల్లను చేసుకుంటే ఆయనకేమీ కాదు సుమండీ! 1922లో కేబుల్ చట్టం దీన్ని సడలించింది గానీ, పౌరసత్వానికి అర్హత లేని జాతులవాణ్ణి చేసుకుంటే మాత్రం పాత శిక్షే. మరుసటి ఏడు భగత్‌సింగ్ థింద్ కేసులో, భారతీయులకు ఆ అర్హత లేదని అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది.

1924లో మేరీ మోర్స్ అనే ఆవిడ తారక్‌నాథ్ దాస్‌ను పెళ్లాడింది. ఆయన వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చదివి, 1914లోనే అమెరికా పౌరుడైన బెంగాలీ. అయినా తీర్పు తర్వాత ఆయన పౌరసత్వానికే ఎసరొచ్చింది. దాంతో ఆవిడదీ పోయిందన్నారు. పుట్టిన గడ్డమీదే పరాయిదైపోయింది పాపం! ఊరుకోలేదు, దేశం లేని స్త్రీనయ్యానని 1926లో ‘ది నేషన్’ పత్రికలో రాసింది.

ఆ నిబంధన 1931లో పోయింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వం తెరిచింది, ఏడాదికి 100 మందికి వలస చోటూ ఇచ్చింది. పౌరురాలి భర్తకైనా, పౌరుడి భార్యకైనా కోటా అడ్డు లేదని ఒకే న్యాయం చెప్పింది 1952 చట్టం.