పికప్ బండి ముందు జాలి – పుట్టుపూర్వోత్తరములు

నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతమున ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపట్ల పల్లెలకును సంతలకును నడుమ ప్రతిదినము పికప్ బండ్లు తిరుగుచుండును. వానిలో పాతబండ్లు అనేకము. బండి పాతపడగానే యజమాని దృష్టి మొదట ముందు జాలి మీదికి పోవును. తుప్పు పట్టినదానిని తీసి కొందరు క్రొత్త జాలి తగిలింతురు. కొందరు తళతళలాడు రేకు బిగింతురు. కొందరు ఇలవేల్పు పేరో, బిడ్డల పేర్లో వ్రాయించిన పలకను అడ్డముగా అమర్తురు. విడిభాగముల అంగళ్ళలో దీనికి గ్రిల్లు అనియు, షో గ్రిల్లు అనియు పేర్లు. "షో" అను మాట వినగానే అది చూపు కొరకే అని తోచుట సహజము. కాని జాలి అలంకారముగా పుట్టలేదు. అది ఏల పుట్టినదో, ఎట్లు మారినదో తెలిసినచో, దానిని మనము ఎంతవరకు మార్చవచ్చునో కూడ తెలియును.

ఇంజనులో కాలిన ఇంధనము నుండి వెలువడు శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పుటకు ఉపయోగపడును. ఇంచుమించు మరియొక మూడవ వంతు పొగతోపాటు వెడలిపోవును. మిగిలిన వేడి సిలిండర్ల గోడలకు ఎక్కును. దానిని ఎప్పటికప్పుడు తొలగింపకున్న కందెన నూనె పలుచబడి, పిస్టను బిగిసి, ఇంజను పాడగును. అందుచే సిలిండర్ల చుట్టును నీటిని ప్రవహింపజేసి, ఆ నీటిని రేడియేటరులోని సన్నని గొట్టముల గుండ పంపి, గాలిచే చల్లార్చుదురు. ఆ గాలి లోనికి వచ్చు ద్వారమే ముందు జాలి. మనిషికి ముక్కు ఎట్టిదో బండికి జాలి అట్టిది.

మొదటి మోటారు బండికి ఈ ముక్కు లేదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రముల బండిలో నీరు మరిగి, ఆవిరియై పోవుట వలననే ఇంజను చల్లబడుచుండెను. 1 గ్రాము మరుగు నీరు ఆవిరి యగుటకు సుమారు 540 కెలోరీల వేడిని గ్రహించును గనుక ఆ పద్ధతి పని చేసెను. కాని పోయిన నీటికి బదులు మరల నీరు పోయవలెను. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా తన ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్ నగరమునకు సుమారు 106 కి.మీ. ప్రయాణము చేసెను. ఉదయగిరి నుండి నెల్లూరికి గల దూరము ఇంచుమించు అంతే. దారి పొడవున ఆమె మాటిమాటికి నీరు వెదకి పోయవలసి వచ్చెను. నీటి కరవు గల మన మెట్ట గ్రామములలో వైశాఖ మాసమున అట్టి బండిని నడుపుట ఎంత కష్టమో పాఠకులే ఊహింపవచ్చును.

ఈ చిక్కును చక్కగా విడదీసినవాడు విల్హెల్మ్ మైబాక్ అను జర్మను ఇంజనీరు. 1900 ప్రాంతమున అతడు తేనెపట్టు వంటి రేడియేటరును రూపొందించెను. 1901లో పేరుపొందిన 35 అశ్వశక్తి మెర్సిడెస్ కారునకు అమర్చిన ఆ రేడియేటరులో 6 మి.మీ. భుజము గల చదరపు గొట్టములు 8,070 ఉండెను. గాలి గొట్టముల లోపలను, నీరు వాని చుట్టును ప్రవహించుచుండెను. ఇందలి రహస్యము విద్యార్థులు లెక్క వేసి చూడదగినది. ఆ రంధ్రములన్నిటికి సమానమైన వైశాల్యము గల ఒకే పెద్ద చదరపు గొట్టము తీసుకొన్నచో దాని చుట్టుకొలత సుమారు 2,150 మి.మీ. మాత్రమే. కాని 8,070 చిన్న గొట్టముల చుట్టుకొలతల మొత్తము 1,93,680 మి.మీ. అనగా గాలి తగులు తలము దాదాపు 90 రెట్లు పెరిగినది! అంతకుముందు కావలసిన నీటిలో సగము, అనగా సుమారు 9 లీటర్లు, ఆ కారునకు సరిపోయెను.

అయితే అప్పటికిని జాలి పుట్టలేదు. రేడియేటరే బండికి ముఖముగా ఉండెను. 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డు మోడల్ టి కారును చూచినచో ముందు కనబడునది రేడియేటరే. కాని సన్నని గొట్టములకు దారిలో ఎగిరిపడు గులకరాళ్ళు శత్రువులు. ఒక్క రాయి తగిలి గొట్టము చిట్లినచో నీరంతయు కారిపోవును. కావున రేడియేటరునకు ముందు తీగెల వలను కట్టుట మొదలయ్యెను. 1930 దశకమున రేడియేటరు బానెట్టు లోపలికి జరిగెను. దాని ముందు నిలిచిన రక్షక జాలియే బండికి క్రొత్త ముఖమయ్యెను. క్రోమియము పూత కూడ ప్రచారములోనికి వచ్చుటచే జాలి మెరయసాగెను. కావలివాడుగా వచ్చినది క్రమముగా అందగాడుగా మారినది.

యుద్ధము దీనిని మరల కావలివానిగా చేసెను. 1941లో అమెరికా సైన్యము కొరకు విల్లిస్ సంస్థ చేసిన తొలి జీపులకు ఇనుప పట్టీలను అతికి కూర్చిన జాలి ఉండెను. అదే నమూనాను తయారుచేయుచున్న ఫోర్డు సంస్థ రేకును అచ్చులో అదిమి, తొమ్మిది నిలువు చీలికలు గల జాలిని చేసెను. అది తేలిక, చౌక. 1942లో విల్లిస్ కూడ దానినే స్వీకరించెను. 1945లో సామాన్య ప్రజల కొరకు వచ్చిన జీపునకు పెద్ద దీపములు అమర్చగా, వాని నడుమ ఏడు చీలికలే మిగిలినవి. నేడు జీపు గుర్తుగా లోకము ఎరిగిన ఏడు చీలికల ముఖము ఇట్లు వచ్చినదే.

ఆ ముఖము మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన రోజులలోనే చేరినది. 1940 దశకము చివర మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లిస్ జీపుల భాగములను కూర్చి అమ్మ మొదలిడెను. క్రమముగా జీపు వెనుక భాగమున సరుకుల తొట్టి గల పికప్ బండ్లును వచ్చినవి. లారీల చరిత్రలో మరియొక విశేషము కలదు. 1954లో జంషెడ్‌పూరులోని టెల్కో సంస్థ జర్మనీ లోని డైమ్లర్-బెంజ్ సంస్థతో 15 సంవత్సరముల ఒప్పందము చేసికొని లారీలు చేసెను. వాని ముందు జాలిపై మెర్సిడెస్ వారి మూడు మొనల నక్షత్రము మెరయుచుండెను. 1969లో ఒప్పందము ముగియగా నక్షత్రము పోయి, దాని తావున "టి" అను ఆంగ్లాక్షరము నిలిచెను. గుర్తు మారినది, వెనుకనున్న రేడియేటరు గాలి అవసరము మాత్రము మారలేదు. బండి ముఖమును మార్చు వారందరును జ్ఞాపకముంచుకొనదగిన పాఠమిది.

తెలుగునాట కూడ ఇట్టి మార్పు జరిగినది. 1980 దశకమున హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాను దేశపు నిస్సాన్ సహకారముతో జహీరాబాదులో తేలిక లారీల తయారీ ఆరంభించెను. ఆ దశకము చివర ఆ కర్మాగారము మహీంద్రా వారి చేతికి వచ్చెను. బండి ముఖముపై పేరు కూడ మారెను.

జాలి ఆకారము ఆస్తిగా కూడ మారినది. మహీంద్రా వారు అమెరికాలో అమ్మిన రాక్సర్ అను బండి రూపము జీపును పోలియున్నదని 2018లో జీపు యజమానులు అచ్చటి అంతర్జాతీయ వాణిజ్య కమిషను నెదుట ఫిర్యాదు చేసిరి. 2020 జూనులో కమిషను ఆ ఫిర్యాదును సమర్థించెను. ముందు భాగము మార్చి చేసిన క్రొత్త రాక్సరుకు ఆ దోషము లేదని అదే సంవత్సరము డిసెంబరులో తీర్పు చెప్పెను. ఇనుప రేకులో కొన్ని చీలికలకు ఇంత విలువ!

ఇక మన మెట్ట ప్రాంతమునకు వత్తము. ఆత్మకూరుకు పడమట మర్రిపాడు దాటి బద్వేలు వైపు పోవు బండ్లు వెలిగొండల వరుసను ఎక్కవలెను. నిండు బరువుతో మెల్లగా ఎక్కునపుడు ఇంజను వేడి ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. భారమంతయు పంకా మీదనే పడును. అట్టి తరుణమున ఇంజను నీటికి విడుచు వేడి 30 కిలోవాట్లు అనుకొందము. రేడియేటరు గుండ పోవు గాలి 30 డిగ్రీలు వేడెక్కునని భావించినచో, సెకనుకు 1 కిలోగ్రాము గాలి కావలెను. వేసవిలో 1 ఘనమీటరు గాలి బరువు రమారమి 1.1 కిలోగ్రాములు. అనగా సెకనుకు సుమారు 0.9 ఘనమీటరు గాలి ఆ జాలి గుండ దూరవలెను.

ఎండ తీవ్రతను కూడ గమనింపవలెను. రేడియేటరులోని నీరు 95 డిగ్రీలు, శీతకాలపు ఉదయమున గాలి 25 డిగ్రీలు ఉన్నచో వాని భేదము 70 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నము గాలి 43 డిగ్రీలకు చేరినపుడు భేదము 52 డిగ్రీలే. వేడి ప్రవాహము ఈ భేదమును అనుసరించి ఉండును గావున, అదే గాలి వీచినను చల్లార్చు శక్తి నాలుగవ వంతు తగ్గిపోవును. చలికాలమున బాధ పెట్టని అందాల పలక వేసవిలో ఇంజనును మరిగించుటకు కారణమిదియే.

జాలి కన్ను చిన్నదైన కొలది రక్షణ హెచ్చును, గాలి తగ్గును. 1 మి.మీ. తీగెతో 9 మి.మీ. సందు వదలి అల్లిన వలలో ప్రతి 100 చదరపు మి.మీ. లలో 81 తెరచియుండును. అదే తీగెతో సందు 2 మి.మీ. చేసినచో ప్రతి 9 పాళ్ళలో 4 పాళ్ళే, అనగా 44 శాతమే మిగులును. దానిపై ఎర్రదుమ్ము, వరిగడ్డి పొట్టు, పురుగులు చేరినచో ఆ కొంచెమును మూసుకొనును.

కావున పాత జాలి మార్చు వారు కొన్ని సంగతులు పాటింపవలెను. క్రొత్తదాని తెరపు పాతదానికి తక్కువ కారాదు. అది రేడియేటరునకు తగులకుండ, దీపముల వెలుగునకు అడ్డుపడకుండ, మరలతో గట్టిగా నిలువవలెను. పేరు వ్రాయించు పలకకు తగిన చోటు బానెట్టు అంచు గాని, తొట్టి వెనుక తలుపు గాని. ముక్కు రంధ్రము కాదు. జాలికి ముందు బరువైన ఇనుప కమ్మెలు బిగించుట పాదచారులకు ప్రమాదకరము. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులో అది చట్టవిరుద్ధమని రాష్ట్రములకు తెలిపెను. ఇంజను మరిగినచో బండి నీడకు చేర్చి చల్లారనీయవలెను. బిగిసిన మూత క్రింద ఒత్తిడి వలన నీరు సుమారు 120 డిగ్రీల వరకు మరుగక ఉండగలదు. మూత విప్పగానే ఒక్కసారిగా పొంగి ముఖము కాల్చును.

ఇది చిన్న విషయమని త్రోసివేయరాదు. ఒక్క పికప్ బండిపైననే బ్రదుకు కుటుంబములు ఈ ప్రాంతమున ఎన్నియో కలవు. హెడ్డు పగిలినచో ఆ ఇంట కొన్ని వారములు ఆదాయముండదు. ఉపాధ్యాయులు ఒకనాడు విద్యార్థులను బడి దగ్గర ఆగు బండి వద్దకు కొనిపోయి, చతురస్రముల కాగితము సహాయమున దాని జాలిలో తెరచియున్న భాగమెంతయో లెక్కింపజేయవచ్చును. ఉష్ణము, ఒత్తిడి, వైశాల్యము అను మూడు పాఠములు ఒక్కచోట దొరకును. ఆ పిల్లలలో ఒకడు ఇంటికి పోయి, "నాయనా, ఈ పలక తీసి వేరేచోట పెట్టుదము" అని చెప్పినచో ఆ పాఠము ఫలించినట్లే.